నాలుగు గ్రాములు

కుయెంకాలో, నడక పోటీల శిబిరం వంటింట్లో
నాది తూనిక ఉద్యోగం.
వాళ్ళ నోటికి అందే ప్రతిదీ
ముందు నా త్రాసు మీద కూర్చుని లేవాలి.
అవకాడో నూట అరవై. చీజ్ తొంభై.
పంది తోలు వేపుడు ముప్ఫై అయిదు.
మొక్కజొన్న సున్నా.
బంగాళాదుంప సున్నా.
బంగాళాదుంప పుట్టిన కొండల్లో నిలబడి
దాని పక్కన సున్నా చుట్టడానికి
మొదటి రోజు నా పెన్ను మొరాయించింది.

సెగుండో చింబో.
ఆ పేరుకి మా భాషలో రెండోవాడని అర్థం,
సెకను అని కూడా.
ఇంట్లో రెండో కాన్పు, పోటీల్లో మూడుసార్లు రెండో స్థానం.
"ఈసారి పేరు మార్చుకుంటా నార్సిసా" అన్నాడు,
చక్కెర లేని కాఫీలో వెన్న కలుపుకుంటూ.

మొదటి వారం మెట్లెక్కితే తల తిరిగింది.
రెండో వారం వాడి ఊపిరి
మగ్గి చితికిన పండులా వాసనేసింది.
వేలి కొన గుచ్చి చూసిన లాబ్ కుర్రాడు
"కీటోన్లు వచ్చాయి!" అన్నాడు,
చుట్టాలొచ్చారన్నంత సంబరంగా.

నిజం చెప్పాలి, నాలుగో వారం
పొద్దున కాహాస్ కొండల్లోకి వెళ్ళినవాడు
చీకటి పడ్డాక దిగాడు,
సంచిలో కట్టిచ్చిన వేరుశనగలు ముట్టకుండా.
ఆకలేదిరా అంటే
"మర్చిపోయా" అన్నాడు.
ఆకలిని గొడుగులా ఎక్కడో మర్చిపోయి వచ్చిన మనిషిని
నేనదే చూడటం.
ఒంట్లో నెలకి సరిపడా నూనె,
సన్నగా, కొండెక్కకుండా, ఒక వత్తి.

ఆ తర్వాత ముఖానికి తొడుగు బిగించి
ట్రెడ్‌మిల్ మీద నడిపించారు.
కొవ్వు నిమిషానికి గ్రామున్నర కాలుతోంది.
చప్పట్లు.
పక్క గడిలో ఇంకో అంకె ఉంది:
అదే వేగానికి మునుపటికన్నా ఎక్కువ గాలి తాగుతున్నాడు.
దానికెవరూ చప్పట్లు కొట్టలేదు.
అడిగితే లాబ్ కుర్రాడు వంటమనిషికి అర్థమయ్యేట్టు చెప్పాడు,
పిండి తక్కువ గాలితో మండుతుంది,
కొవ్వు పొయ్యికి ఇంకాస్త ఊదాలి అని.
సముద్రానికి రెండున్నర వేల మీటర్ల పైన
గాలిని ఉప్పులా చూసి వాడుకునే ఊళ్ళో
ఊదడానికి ఎవరి దగ్గరుంది?

పోటీ ఇరవై కిలోమీటర్లు, నది ఒడ్డున,
కిలోమీటరుకో చుట్టు.
నడకలో ఒక కాలు ఎప్పుడూ నేలని వదలకూడదు,
వదిలితే ఎర్ర అట్ట చూపిస్తారు.
పన్నెండో చుట్టు దాకా గుంపులో వాడి టోపీ కనపడుతూనే ఉంది.
పదమూడులో లోహా నుంచి వచ్చిన కుర్రాడు ఊపు పెంచాడు.
సెగుండో పెంచబోయాడు.
కాళ్ళు విన్నాయి, లోపలి పొయ్యి వినలేదు.
టోపీలల్లే గడ్డిలా భగ్గుమనాల్సిన చోట
వత్తి వత్తిలాగే వెలిగింది.
ఆరిపోనూ లేదు.
ఆరితే పోనీ, పక్కకెళ్ళి కూర్చునేవాడు.

ఆరో స్థానం.
పాత సమయం మీద నూట నాలుగు సెకన్లు ఎక్కువ.
"నూట నాలుగు సెగుండోలు" అన్నాను, నవ్విద్దామని.
నవ్వలేదు.

వరండాలో కోచ్ ఎఫ్రయిన్
ఇంకో మూడు నెలలిస్తే ఒళ్ళు అలవాటు పడేదంటాడు.
లాబ్ కుర్రాడు పడదంటాడు,
మళ్ళీ తనే, ఒక్క మనిషి ఒక్క పోటీ లెక్కలోకి రాదంటాడు.
నేను లోపల కుండ దించుతున్నాను.
తెల్ల మొక్కజొన్న గుగ్గిళ్ళు, ఆవిరి.
వాడొచ్చాడు.
అలవాటు కొద్దీ గిన్నె త్రాసు మీద పెట్టబోతే
నా మణికట్టు పట్టుకుని ఆపి
కుండలోకే చెయ్యి పోనిచ్చాడు.
చెయ్యి కాలింది. తీయలేదు.

వాడు వెళ్ళాక త్రాసు తుడిచాను.
దాని మీద ఏమీ లేదు.
అంకె నాలుగు దగ్గర ఆగి ఉంది.
మళ్ళీ తుడిచాను. నాలుగే.
తొమ్మిది వారాల పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను,
ఇది ఏ రోజు నుంచి
లేనిదాన్ని తూస్తోందో
వెనక్కి తిప్పుకుంటూ.